రాకడకు సిద్ధమైన రేకుల కప్పు

యేసు ప్రభువు రెండో రాకడకు మా సంఘంలో ఎవరూ సిద్ధంగా లేరన్న సంగతి ఆ ఎండాకాలం దాకా మాకు తెలియదు. అప్పటివరకు సిద్ధంగానే ఉన్నామనుకుని వంటలు చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపుకుంటూ, ఆదివారం మందిరానికి వెళ్తూ బతికేశాం. మే నెల మొదట్లో ఉజ్జీవ సభలు పెట్టారు. ఎక్కడినుంచో ఒక దైవజనుడు వచ్చి, దివిటీలు పట్టుకుని పెళ్ళికొడుకు కోసం కాచుకున్న పదిమంది కన్యకల సంగతి చెప్పారు. ఐదుగురు నూనె తెచ్చుకున్నారు, ఐదుగురు తెచ్చుకోలేదు. "మీలో ఎంతమంది దగ్గర నూనె ఉంది?" అని మైకు పగిలేలా అడిగారు. మేమందరం ఏడ్చాం. సంతోషమ్మ కూడా ఏడ్చింది. సంతోషమ్మకు నూనె కొట్టు ఉంది.

సభలు కాగానే దైవజనుడు రైలెక్కి వెళ్ళిపోయారు. తిరుగు టికెట్టు రెండు నెలల ముందే తీయించుకున్నారని తర్వాత తెలిసింది.

ఆ వారమే మా పేటలో సిద్ధపాటు కమిటీ ఏర్పడింది. కన్వీనరు ఫిలేమోను గారు. ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. నీళ్ళు వదిలేలోపు కాలవలు బాగుచేయించడం ఆయన జీవితమంతా చేసిన పని. నీళ్ళు వచ్చినా రాకపోయినా ఆయన కాలవలు మాత్రం సిద్ధంగా ఉండేవని చెప్పుకుంటారు. రెండో సభ్యుడు ఏలియా మాస్టారు, హైస్కూల్లో లెక్కలు చెబుతారు, వయసులో చిన్నవారు, పట్టుదలలో పెద్దవారు. మూడో సభ్యులు పాస్టరు అయ్యగారు. ఆయన ఏ మాటకైనా "ప్రార్థన చేద్దాం" అనేవారు, చేసేవారు కూడా.

మందిరం గోడ మీద మొదటి నోటీసు పడింది. నేను అక్షరాలు దిద్దుకున్నది మా ఆయన పోయాక, మనవరాలి పలక మీద. అందుకని గోడ మీది కాగితమంటే నాకు మర్యాద. దేన్నీ సగం చదివి వదలను.

"విశ్వాసులెల్లరకు తెలియజేయడమేమనగా, ప్రభువు ఏ గడియలో వచ్చునో ఎవరికిని తెలియనందున, ఎవరును రేపటి నిమిత్తము ఎట్టి ఏర్పాటును చేసికొనరాదు. ముందస్తు ఏర్పాటు అవిశ్వాసముగా పరిగణింపబడును. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు ఈ నియమము అమలులో నుండును."

చివరి వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. తదుపరి ఉత్తర్వులు వెలువడతాయనుకోవడం కూడా ముందస్తు ఏర్పాటేనని ఏలియా మాస్టారు అభ్యంతరం చెప్పారట.

నియమం పుట్టిన వారమే మా ఇంట్లో ఆవకాయ పెడుతున్నాం. నా మనవరాలు కెజియాకు పెళ్ళి కుదిరింది. తల్లి లేని పిల్ల, నా దగ్గరే పెరిగింది, డాక్టరు గారి దగ్గర నర్సుగా చేస్తోంది. పిల్లవాడు యోనా, నిజాంపట్నంలో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. జులై ఆఖరుకు కేరళ బోట్ల మీద పనికి పోవాలి, పోతే మళ్ళీ ఎప్పటికి వస్తాడో తెలియదు. అందుకని జూన్‌లోనే పెళ్ళి చేసి ఇద్దర్నీ పంపేద్దామనుకున్నాం. జాడీ ఆ పిల్లతో వెళ్ళాల్సింది.

ముక్కల్లో కారం, ఉప్పు, ఆవపిండి కలిపి నువ్వుల నూనె పోస్తుంటే కమిటీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమిటిది, నక్షత్రమ్మగారూ?" అన్నారు ఫిలేమోను గారు.

"ఆవకాయండి. లోపలికి రండి. చెప్పులు మాత్రం అక్కడే ఇడవండి, తడి చేతులతో ఏమీ ముట్టుకోబాకండి."

"ఎంత కాలమునకు?"

"ఏడాదికండి."

ఆయన ఏలియా మాస్టారి వైపు చూశారు. నేను నేరం ఒప్పుకున్నట్టు మాస్టారు తల ఆడించారు.

"అనగా, వచ్చే వేసవి వరకు ప్రభువు రాడని తమరి అంచనా."

"ఆయన ఎప్పుడొస్తే అప్పుడే రానీండి, నేనేమన్నా వద్దన్నానా? వస్తే ఆయనకీ రెండు ముక్కలేసి అన్నం పెడతా."

"ఇది హాస్యమునకు తగిన విషయము కాదు. ఏడాదికి సరిపడు నిల్వ, ముందస్తు ఏర్పాటు కిందకు వచ్చును."

లోపలినుంచి కెజియా అంది: "మరి నూనో అంకుల్? నూనె నిల్వ పెట్టుకున్న కన్యకల్నే గదా లోపలికి రానిచ్చింది?"

కమిటీ మా అరుగు మీదికి వెళ్ళి ఆలోచించింది. అయ్యగారు ప్రార్థన చేశారు. తర్వాత తీర్పు చెప్పారు. నూనె లేఖనానుసారము. ముక్కలు లేఖనమునకు విరుద్ధము. కాబట్టి నూనె ఉంచుకుని ముక్కలు తీసివేయవలెను.

"తీసి ఏం చేయమంటారండీ?"

"ఈ దినముననే భుజింపవలెను," అన్నారు ఏలియా మాస్టారు.

పేటలో మిగతా ఇళ్ళకూ అదే తీర్పు వెళ్ళింది. భయస్తులు ఏడాది ఆవకాయను వారంలో తినేశారు. కెజియా పనిచేసే ఆస్పత్రి మా సంఘంతో నిండిపోయింది. డాక్టరు గారు హిందువులు. "ఏమ్మా, మీవాళ్ళందరికీ ఒక్కసారే కడుపులో మంటేంటి?" అని అడిగితే, "రాకడ దగ్గరపడిందండి," అని చెప్పిందట మా పిల్ల. నేను మాత్రం జాడీ మీద జానెడు నూనె పోశాను. పైనుంచి చూస్తే నూనే కనబడుతుంది. ముక్కలు కింద ఉన్నాయి. కమిటీ ఎప్పుడూ పైనుంచే చూసేది.

తర్వాత మందిరంలో ఫ్యాన్లు పోయాయి.

ఏలియా మాస్టారు లెక్క వేసి చెప్పారు: బూర మోగగానే విశ్వాసులు నిటారుగా పైకి లేస్తారు, కూర్చున్నచోటికి సరిగ్గా పైన ఫ్యాను ఉంటే రెక్కలు తలకు తగులుతాయి. "ఎత్తబడు సమయమున విశ్వాసుల శిరస్సులకు హాని కలుగకుండుటకై" అని నోటీసు వేసి, మే నెల ఎండల్లో అన్ని ఫ్యాన్లూ విప్పించారు. ఆ ఆదివారం అయ్యగారి ప్రసంగం నరకం గురించి. వివరించాల్సిన అవసరం పెద్దగా కలగలేదు.

ఆరాధన అయ్యాక సంతోషమ్మ కొంగుతో విసురుకుంటూ అంది: "ఫ్యాన్లు తీశారు, బాగుంది. రేకుల సంగతేంది మరి? లేచినోళ్ళం లేచినట్టే పోయి రేకులకి గుద్దుకుంటాంగా!"

అందరం నవ్వాం. ఫిలేమోను గారు నవ్వలేదు. ఎవరైనా అభ్యంతరం లేవనెత్తితే దాని మీద చర్య తీసుకోవడం ఆయనకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు. వారం తిరగకుండా గుమ్మం నుంచి బలిపీఠం దాకా, నడిచే దారి పొడవునా, రేకులు ఊడదీయించారు. ఆ సందులోంచి నీలంగా ఆకాశం కనబడింది. సంఘ పెద్దలు తమ కుర్చీలు సరిగ్గా దాని కిందకు జరిపించుకున్నారు. పదిన్నరకు సూర్యుడు కూడా సరిగ్గా అక్కడికే వచ్చేవాడు. గొడుగు వేసుకోవచ్చా అని ఒక పెద్ద అడిగితే, తెరిచిన గొడుగు ఆటంకమని, మూసిన గొడుగుకు అభ్యంతరం లేదని కమిటీ చెప్పింది.

ఇదంతా మేం భరించాం. మాకు కష్టం వచ్చింది జూన్‌లో.

మా సంఘాల్లో పెళ్ళి జరగాలంటే ముందు వరుసగా మూడు ఆదివారాలు ఆ ప్రకటన చదవాలి. ఫలానా వారి అబ్బాయికీ ఫలానా వారి అమ్మాయికీ పెళ్ళి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. పిల్ల సంఘంలో చదవాలి, పిల్లవాడి సంఘంలో చదవాలి. చదవకపోతే ఏ పాస్టరూ పెళ్ళి చేయడు. నిజాంపట్నంలో అప్పటికే మొదటిసారి చదివేశారు. నేను మా అయ్యగారి దగ్గరకు వెళ్ళాను.

"నాకేం అభ్యంతరమమ్మా? పసిబిడ్డప్పుడు దానికి ప్రతిష్ఠ ప్రార్థన చేసింది నేనే," అన్నారాయన. "కమిటీని ఒక మాట అడిగి..."

కమిటీ మందిరం వరండాలో కూర్చుంది. కెజియా కూడా నాతో వచ్చింది.

"మూడు ఆదివారములు ప్రకటించవలెనని తమరి విన్నపము," అన్నారు ఫిలేమోను గారు. "అనగా, మూడు వారముల వరకు రాకడ జరగదని ఈ సంఘము వేదిక మీదనుండి హామీ ఇవ్వవలెనా?"

"హామీ ఎవరు ఇమ్మన్నారండీ? పేర్లు చదవమంటున్నాం."

"అంతేకాదు. నోవహు దినములలో కూడ జనులు పెండ్లిండ్లు చేసికొనుచునే యుండిరి. ఆ పిమ్మట జలప్రళయము వచ్చెను."

కెజియా ఊరుకోలేదు. "నోవహు మాత్రం ఓడ ముందుగా కట్టుకోలేదా అంకుల్? తిండిగింజలు కూడా నింపుకున్నాడు. పైకప్పు కూడా వేసుకున్నాడు."

"అది పాత నిబంధన," అన్నారు ఏలియా మాస్టారు.

"ఒకే దినమున, ఇప్పటికిప్పుడు పెండ్లి జరిగినచో కమిటీకి అభ్యంతరము లేదు," అన్నారు ఫిలేమోను గారు. "ముందుగా ప్రకటించుట మాత్రమే నిషిద్ధము."

"ప్రకటించకుండా చేయడం కుదరదుగదండీ," అన్నారు అయ్యగారు, ప్రార్థన చేద్దామనకుండా. అది ఆయనకు చాలా ఎక్కువ.

"కావున జరగదు," అన్నారు ఫిలేమోను గారు.

రెండు రోజులకు యోనా తల్లి వజ్రమ్మ ఆటోలో దిగింది. మందిరం ముందు ఆపించుకుని లోపలికి తొంగి చూసే వచ్చినట్టుంది.

"ఏందత్తా ఇది? మీ మందిరానికి ఫ్యాన్లు లేవు, పైన కప్పు లేదు, ఇప్పుడు ప్రకటన కూడా లేదంటున్నారు. ఇంకేం మిగిలింది మీకు?"

"కమిటీ మిగిలిందమ్మా."

"నేను నవ్వులాటకి రాలా. పిల్ల బంగారం, కాదన్ను. ఈ నెల ఆఖరికన్నా ప్రకటన చదవకపోతే మాత్రం నావల్ల కాదు. మావాడు ఒంటిగా కేరళ పోయాడంటే వండి పెట్టేవాళ్ళుండరు. బాపట్లోళ్ళు ఇప్పటికీ అడుగుతానే ఉన్నారు."

ఆమె వెళ్ళాక కెజియా పెళ్ళి చీర మడత విప్పి, మళ్ళీ మడిచి, పెట్టెలో పెట్టింది. పెట్టె మూత వేస్తూ అడిగింది: "అమ్మమ్మా, ప్రభువు నా పెళ్ళికి రావచ్చుగా? పెళ్ళి ఆపడానికే వస్తాడని వీళ్ళకి ఎవరు చెప్పారు?"

తెల్లారి సమాధుల తోటకు వెళ్ళాను. మనసు బాగోనప్పుడు మా ఆయన సమాధి మీద గడ్డి పీకడం నాకు అలవాటు.

అక్కడ అప్పటికే మనుషులున్నారు. గునపంతో ఒక తాపీమేస్త్రి, పక్కన ఏలియా మాస్టారు, ప్రార్థన కోసం పిలిపించిన అయ్యగారు. వాళ్ళకు కొంచెం దూరంగా ఫిలేమోను గారు నిలబడి ఉన్నారు.

సంగతి ఇది. ఇళ్ళు అయిపోయాక, మందిరం అయిపోయాక, ఏలియా మాస్టారు తనిఖీకి సమాధుల తోటకు వచ్చారు. అక్కడ ఒక ఖాళీ సమాధి కనబడింది. ఫిలేమోను గారి భార్య సౌభాగ్యమ్మగారు పోయినప్పుడు ఆయన జంట సమాధి కట్టించారు. ఒక రాతి మీద ఆమె పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. పక్క రాతి మీద ఆయన పేరు, పుట్టిన తేదీ, ఆ తర్వాత ఖాళీ. సమాధి ముందే కట్టించుకున్నవాడు ఎత్తబడతానని నమ్మనట్టే. ఇంతకు మించిన ముందస్తు ఏర్పాటు మా పేటలో ఇంకొకటి లేదు.

"సొంతానికి తీసుకోకండి సార్," అంటున్నారు మాస్టారు. "నియమం అందరికీ ఒకటేనని మీరే అన్నారు."

"అంటిని," అన్నారు ఫిలేమోను గారు.

మేస్త్రి గునపం ఎత్తాడు. ఫిలేమోను గారు రెండడుగులు ముందుకు వేసి, భుజం మీది తువ్వాలుతో ఆ ఖాళీ రాయి తుడిచారు. నన్ను చూసి, నాతోనే అన్నారు:

"మా సౌభాగ్యానికి చీకటంటే భయమండి. కరెంటు పోతే నా చొక్కా పట్టుకుని నడిచేది. ఒక్కతే పడుకోలేదండి."

ఆ వేసవి మొత్తంలో ఆయన నోట నేను విన్న మొదటి మామూలు మాట అది.

"అయితే ఆపమనండి," అన్నాను.

"నియమమున్నదండి."

"మీరు పెట్టిందేగా. తీసేయండి."

"తీసివేయుటకు మీటింగు పెట్టవలెను. మీటింగునకు ముందుగా తేదీ ప్రకటించవలెను. ముందుగా ప్రకటించుట..." అని ఆగిపోయారు. తాను తవ్వించిన కాలవలో తానే దిగినట్టు నిలబడ్డారు.

"తేదీ ఎందుకండీ? ముగ్గురూ ఇక్కడే ఉన్నారుగా. ఇప్పుడే పెట్టండి."

"కొట్టాలా వద్దా తేల్చండయ్యా," అన్నాడు మేస్త్రి. "ఎండెక్కుతా ఉంది."

ఫిలేమోను గారు తన సమాధి మీద తానే కూర్చున్నారు. కూర్చోగానే ఆయన నడుం నిటారైంది, గొంతులోకి ఆఫీసు తిరిగి వచ్చింది.

"నియమమును రద్దు చేయుట లేదు. మినహాయింపు ఇచ్చుచున్నాము. వ్రాసికొనుడు మాస్టారూ. 'దంపతుల సహవాసము నిమిత్తము ముందుగా చేసికొను ఏర్పాటు అవిశ్వాసముగా పరిగణింపబడదు.' అయ్యగారు బలపరచుచున్నారు."

"బలపరుస్తున్నాను," అన్నారు అయ్యగారు వెంటనే.

మేస్త్రి గునపం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఏలియా మాస్టారు రాసిన కాగితం మడుస్తున్నారు. నేను ఫిలేమోను గారితో అన్నాను: "మా కెజియాకు చదవమంటున్నది కూడా అదేగదండీ. దంపతుల సహవాసం కోసం ముందుగా చేసుకునే ఏర్పాటే."

"ఇది సమాధుల విషయం," అన్నారు మాస్టారు.

"మీరు చచ్చాక పడుకునే చోటు ముందుగా చూసుకోవచ్చు, మా పిల్ల బతికుండగా కాపరం చేసే చోటు చూసుకోకూడదా?" మాట కొంచెం గట్టిగానే వచ్చింది. సమాధుల తోటలో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఫిలేమోను గారు పక్క రాయి వైపు చూశారు. సౌభాగ్యమ్మగారి పేరు మీద ఒక ఆకు పడి ఉంది. తీసేశారు.

"చావుకు పనికివచ్చిన మినహాయింపు పెండ్లికి పనికిరాదని ఎక్కడున్నది, మాస్టారూ?" అన్నారు. "ఈ ఆదివారము చదివించండి."

ఆదివారం అయ్యగారు వేదిక ఎక్కి చదివారు. "మొదటిసారి ప్రకటిస్తున్నాము. దీనికి అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పాలి" అన్నారో లేదో, పైనుంచి ఫెళ్ళున వాన పడింది. కుర్చీల్లో ఉన్న పెద్దలందరూ ఒక్కసారే లేచారు. సంతోషమ్మ "స్తోత్రం, పెద్దలు ఎత్తబడుతున్నారు!" అని అరిచింది. వాళ్ళు పైకి పోలేదు, పక్కనున్న రేకుల కిందకు పోయారు. వాన తప్ప ఇంకెవరూ అభ్యంతరం చెప్పలేదు. రెండోసారి, మూడోసారి కూడా చదివారు. ప్రతిసారీ వాన పడింది, ప్రతిసారీ పెద్దలు లేచారు.

పెళ్ళినాడు కూడా పడింది. కెజియా గుమ్మం నుంచి బలిపీఠం దాకా నడవాల్సిన దారి మొత్తం ఆకాశం కిందే ఉంది. తెల్లచీర, తలమీద ముసుగు. గుమ్మంలో ఆగి నావైపు చూసింది. అప్పుడు ఫిలేమోను గారు తన నల్ల గొడుగు తెచ్చి, నిషేధాన్ని కాసేపు మరిచి, దాన్ని విప్పారు. బలిపీఠం దాకా ఆ పిల్ల తలమీద పట్టుకుని నడిచారు. ఆయన మాత్రం పూర్తిగా తడిశారు. ఏలియా మాస్టారు ఏదో అనబోయి, వజ్రమ్మ ముఖం చూసి మానుకున్నారు.

భోజనాలయ్యాక సామాను ఆటోలో పెడుతుంటే జాడీ దగ్గర ఫిలేమోను గారు ఆగారు.

"ఇది నూనెయే కదా, నక్షత్రమ్మగారూ?"

"నూనేనండి, పైన."

"క్రింద?"

"కింద దంపతుల సహవాసం నిమిత్తం ముందుగా చేసుకున్న ఏర్పాటండి."

ఆయన జాడీకి ఒక చెయ్యి వేసి ఆటో ఎక్కించారు. ఆ చేతిని వాసన చూసుకోవడం నేను చూశాను.

నియమం ఇప్పటికీ రద్దు కాలేదు. మినహాయింపులు మాత్రం వస్తున్నాయి. ఆవకాయకు వచ్చింది, ఫ్యాన్లకు వచ్చింది. వానాకాలం ముదిరాక పైకప్పుకు కూడా వచ్చింది. దాని కోసం వేరే కమిటీ వేశారు. కన్వీనరు ఫిలేమోను గారే. రేకులు మళ్ళీ వేశారు గాని, రాకడను పూర్తిగా విస్మరించలేదని తెలియడానికి నడిచే దారి పైన ఒక చిన్న తలుపు పెట్టారు, కీళ్ళతో సహా. ప్రభువు దొంగలా వస్తాడని వాక్యం ఉంది. మామూలు దొంగలు కూడా అలాగే వస్తారు కాబట్టి ఆ తలుపుకు తాళం వేశారు. తాళం చెవి ఫిలేమోను గారి దగ్గర ఉంటుంది.

"బూర మోగేసరికి మీరే లేకపోతేనో?" అని సంతోషమ్మ అడిగింది.

ఫిలేమోను గారు దీనికి ముందే ఏర్పాటు చేశారు. తాను పోయినప్పుడు తాళం చెవి తన చొక్కా జేబులోనే ఉంచి పూడ్చాలి. ఆ దినాన ముందు లేచేది చనిపోయినవాళ్ళే, బతికున్నవాళ్ళ వంతు ఆ తర్వాతే గనక, ఆయన లేచి వచ్చి తలుపు తీస్తారు. అంతవరకు విశ్వాసులు తోసుకోకుండా వరుసలో నిలబడవలెనని గోడ మీద నోటీసు ఉంది. పూర్తిగా చదివాను, తప్పేమీ కనబడలేదు. సమాధుల తోటనుంచి మందిరం దాకా దారి చీకటిగా ఉంటుంది. సౌభాగ్యమ్మగారు ఆయన చొక్కా పట్టుకుని నడుస్తారు గనక రావడం కొంచెం ఆలస్యం కావచ్చు. మేం ఆగుతాం.